రెండు లీటర్లు ఎక్కువ

ఇంజిన్‌లో ఆయిల్ కొలిచే పుల్ల మీద ఆయిల్ గీత దాటి రెండు వేళ్ళ ఎత్తున ఉంది.

చేతికి దొరికిన గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాను. మార్పు లేదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని నడిరోడ్డు మీద ఆపేసిన ఇంజిన్ ఇది. ఇందులో ఆయిల్ తక్కువ ఉండాలి. ఎక్కువ ఉండటమేమిటి?

"రాసుకోండి" అన్నాను మా ఆయనతో. "పదకొండు ఇరవై. ఆయిల్ రెండు వేళ్ళు ఎక్కువ."

"ఎవరి వేళ్ళు? నీవా, నావా?" అన్నారు ఆయన నోటుబుక్కులోంచి తల ఎత్తకుండా.

పెళ్ళయి పంతొమ్మిది రోజులైంది. ఆయన లైబ్రేరియన్. ఏ సంగతైనా సరిగ్గా రాసుకోకపోతే ఆయనకి నిద్ర పట్టదు. జేబులోంచి స్కేలు తీసి, మసి పట్టిన నా వేళ్ళు రెండూ పక్కపక్కన పెట్టించి కొలిచి, "మూడు సెంటీమీటర్లు" అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. అది చూసి నాకు నవ్వు ఆగలేదు. తల తిప్పేసరికి గుమ్మంలో కూర్చున్న ముసలాయన కనిపించాడు. నవ్వు ఆపేశాను.

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. స్క్రూడ్రైవరు కొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించుకుని బండి జబ్బు చెప్పేస్తాడట. ఈ వర్క్‌షాపు ఆయనదే. నడిరోడ్డు మీద ఆగిన బండిని ఇక్కడికే లాక్కొచ్చి పెట్టారు. ఇప్పుడు ఆ గుమ్మంలోనే, కానిస్టేబులు పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి ఆయన్ని అరెస్టు చేసి తీసుకెళ్తారు.

నిన్న ఉదయం ఈ ట్రాక్టరు ఓనరు తన షెడ్డులో తల పగిలి పడి ఉన్నాడు. పది యాభైకి భార్య చూసింది. ప్రాణం ఉంది కానీ స్పృహ లేదు. పక్కన పడి ఉన్న పెద్ద పానా చెవి మేస్త్రిది. ఇరవై రోజుల కిందట ఈ ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేసింది కూడా ఆయనే. నిన్న పదింటికి ఆయన ఆ షెడ్డులోకి వెళ్ళి రావడం పక్కింటి దర్జీ కళ్ళారా చూశాడు. ఇన్‌స్పెక్టరు దృష్టిలో ఇక తేలాల్సిందేమీ లేదు. మేస్త్రి పని చెడగొట్టాడు, ఓనరు నిలదీశాడు, కోపమొచ్చి మేస్త్రి కొట్టాడు. ఇంజిన్ చెడిందని రుజువైతే ఆ కథకి కాళ్ళు వచ్చినట్టే.

ఆ రుజువు తెచ్చిపెట్టమని నన్ను పిలిచింది ఓనరు బావమరిది. ఇంజిన్లు ఎందుకు చచ్చాయో తేల్చే పరిశోధన నా వృత్తి. నిన్న రాత్రి అతను మా గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మా బావని కొట్టినవాడు తప్పించుకోకూడదు చెల్లెమ్మా. ఆ ఇంజిన్ ప్రెషర్ ఎందుకు పడిందో తేల్చండి చాలు" అన్నాడు. నన్ను చెల్లెమ్మా అన్నాడు కాబట్టి మా ఆయన అతనికి బావగారైపోయారు. వరస కలిసిందని మా ఆయన తెగ మురిసిపోయారు. ఆయనకి బావమరుదులు లేరు మరి.

ఇప్పుడతను బానెట్ మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అందరికీ టీ తెప్పించాడు. కానిస్టేబులుకి కూడా.

"మళ్ళీ ఒక్కసారి మొదటినుంచి చెప్పండి అన్నయ్యా" అన్నాను.

"ఎన్నిసార్లైనా చెబుతాను. తొమ్మిదీ ఇరవై అయిదుకి షెడ్డుకి వెళ్ళాను. బావ నాకోసమే చూస్తున్నాడు. పదింటికి ఇటుకల లోడు ఎత్తాలి."

"బండి ఎవరు చూశారు?"

"బావే. స్వయంగా పుల్ల తీసి ఆయిల్ చూసి, 'అంతా బాగుంది, పట్టుకెళ్ళు' అన్నాడు. తాళం తిప్పి స్టార్ట్ చేసింది నేను. తొమ్మిది ముప్ఫైకి బయల్దేరాను. పది నిమిషాల్లో వంతెన దగ్గరికి వెళ్ళేసరికి ప్రెషర్ ముల్లు పడిపోయింది. వెంటనే ఆపేశాను. ఈయనగారికి ఫోన్ చేశాను." మేస్త్రి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఎత్తలేదు. ఎత్తడానికి చేతులు ఖాళీగా ఉండాలి కదా!"

"చెవుడు కాదురా నాకు, ఫోన్ ఇంట్లో ఉంది" అన్నాడు మేస్త్రి నేల చూస్తూ.

"తర్వాత?"

"తర్వాతేముంది? అక్కడే టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. పది యాభైకి అక్క ఫోన్ చేసేదాకా."

టీ కొట్టువాడి మాట కూడా అదే. తొమ్మిది నలభైకి ట్రాక్టరు ఆగింది, మనిషి కదల్లేదు. అందులో అనుమానం లేదు.

నేను డ్యాష్‌బోర్డు మీటరు గొట్టం విప్పి నా సొంత మీటరు బిగించాను. బండి మీటర్లు అబద్ధాలాడతాయి. నాది ఆడదు. తాళం తిప్పి, రోడ్డు మీద నడిచే వేగానికి రేసు పెట్టాను. ముల్లు లేచి ముప్ఫై రెండు పౌండ్ల దగ్గర నిలబడింది.

"చల్ల ఇంజిన్‌కి యాభై దాటాలమ్మా" అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి.

"నువ్వు మాట్లాడకూడదు" అన్నాడు కానిస్టేబులు, టీ ఊదుకుంటూ.

"నేను మాట్లాడట్లేదు. అది మాట్లాడుతోంది" అన్నాడు మేస్త్రి. కళ్ళు మూసుకుని తల కాస్త పక్కకి వంచాడు. "బేరింగులు బాగున్నాయి. టకటక లేదు. మెత్తగా తిరుగుతోంది. దీనికి పెట్టిన చెయ్యి నాదేనమ్మా, అబద్ధం చెప్పను. ఆయిలే పలచగా పోతోంది."

"విన్నారా?" బావమరిది నవ్వాడు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది."

అయిదు నిమిషాలకి ఇరవై ఎనిమిది. పది నిమిషాలకి ఇరవై రెండు.

నేను బావమరిది ముఖం చూశాను. వంతెన దగ్గరికి పది నిమిషాలు. ఈపాటికి ముల్లు నేలకి దిగాలి. దిగలేదు.

"ఇంకా పడట్లేదేం?" అన్నాడు అతనే.

"మీరు చెప్పండి."

"నిన్న ఎండ మండిపోయింది చెల్లెమ్మా. ఇంజిన్ కూడా మనిషి లాంటిదే కదా."

అప్పుడే అతని ఫోన్ మోగింది. విన్నాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నా వైపు తిరిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావ... కనురెప్పలు కదిలించాడట. సాయంత్రంలోగా మాట రావచ్చన్నాడట డాక్టరు."

కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా కళ్ళు కూడా చెమర్చాయి.

"ఏవండీ, అన్నయ్యని స్కూటరు మీద దించి రండి" అన్నాను. "మీరూ అక్కడే ఉండండి. ఆయన నోరు తెరిస్తే ఒక్క అక్షరం పోకుండా రాసుకోవాలి. ఆ పని మీకన్నా బాగా ఎవరూ చెయ్యలేరు."

మా ఆయన తన గడియారం విప్పి నా చేతికిచ్చారు. "ఇది రోజుకి అర సెకను కూడా తప్పదు" అన్నారు గర్వంగా. దాని పట్టీ ఇంకా వెచ్చగా ఉంది. స్కూటరు గేటు దాటింది. వెనక కూర్చున్న బావమరిది ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని వెళ్ళాడు.

పదిహేను నిమిషాలు. పద్దెనిమిది నిమిషాలు. ఇరవై.

ఇరవై మూడో నిమిషంలో ముల్లు ఒక్కసారి వణికి ఆరుకి జారింది.

"ఆపమ్మా! ఆపు! దాని ప్రాణం తీస్తావా?" మేస్త్రి లేచి నిలబడ్డాడు. కానిస్టేబులు భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఆపాను. వర్క్‌షాపు నిశ్శబ్దమైపోయింది. చేతిలో గడియారం వంక చూస్తూ నిలబడ్డాను. ఇరవై మూడు నిమిషాలు. అతను చెప్పింది పది. తక్కిన పదమూడు నిమిషాలు ఏమయ్యాయి? అతను ఎక్కేసరికే ఇంజిన్ వేడిగా ఉండి ఉంటే తప్ప ఈ లెక్క కుదరదు. చల్ల ఇంజిన్‌ని నేనే స్టార్ట్ చేశాను అన్నాడు కదా!

"ఎంత?" అన్నాడు మేస్త్రి.

చెప్పాను. ఆయన కళ్ళు చిట్లించాడు.

కింద కొలత డబ్బా పెట్టి, డ్రెయిన్ నట్టు విప్పాను. నల్లటి ఆయిల్ నీళ్ళలా సన్నటి ధారగా దూకింది. మంచి ఆయిల్ అలా దూకదు. బద్ధకంగా, తాడులా దిగుతుంది. ఒక చుక్క కాగితం మీద వేశాను. చూస్తుండగానే మరక చుట్టూ పసుపు వలయం పాకింది. వాసన చూశాను. డీజిల్.

ఈ ఇంజిన్ పొట్టలో పట్టేది ఎనిమిది లీటర్లు. కొలిస్తే పది వచ్చింది.

"ఫీడ్ పంపు చూడమ్మా" అన్నాడు మేస్త్రి. "పంపు లోపల పొర చిరిగితే డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. నేను కొత్తది వేశాను, కానీ చూడు. నా మాట నమ్మకు."

నా మాట నమ్మకు అనే ముద్దాయిని నేనెప్పుడూ చూడలేదు. పంపు విప్పి, కింద తెల్ల కాగితం పరిచి, మీట చేత్తో ఇరవై నిమిషాలు కొట్టాను. కాగితం మీద ఒక్క చుక్క పడలేదు. డీజిల్ పంపులోంచి దిగలేదు. మూత తీసి ఎవరో పోశారు. కచ్చితంగా రెండు లీటర్లు.

"మేస్త్రీ, ఇంజిన్‌లో డీజిల్ ఎవరు పోస్తారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. చెయ్యి ఎందుకు కడుక్కుంటారు అని అడిగినట్టుంది ఆయనకి. "అందరూ పోస్తారు! ఆయిల్ మార్చేముందు కడగొద్దూ? పాత ఆయిల్‌లో రెండు లీటర్లు డీజిల్ పోసి, బండి కదలకుండా పావుగంట సన్నగా నడిపిస్తాం. లోపలి మడ్డి అంతా కరుగుతుంది. వేడి మీదే మొత్తం దింపేసి, కొత్త ఆయిల్ పోస్తాం. పాత బండికి అది తలంటు లాంటిది."

"ఆ నీళ్ళ ఆయిల్‌తో బండి రోడ్డెక్కితే?"

"ఎక్కనివ్వం. బేరింగులు మాడిపోవూ? అందుకే మా దగ్గర ఒక పద్ధతి. కడుగుడు పోసిన బండికి స్టీరింగుకి గుడ్డ ముడేస్తాం. ఆ ముడి ఉన్నంతసేపు కన్నతండ్రి వచ్చి అడిగినా బండి ఇవ్వం. ఓనరుకి కూడా నేనే నేర్పాను. మొన్న సాయంత్రం ఇక్కడికొచ్చి, రేపు ఆయిల్ మారుస్తాను మేస్త్రీ, డ్రెయిన్ నట్టుకి నీ పెద్ద పానా ఇవ్వు అని పట్టుకుపోయాడు. నిన్న పదింటికి నేను వెళ్ళింది ఆ పానా కోసమే. పిలిచాను, పలకలేదు. బల్ల వెనక పడున్నాడని నాకేం తెలుసు?" ఆయన తన కాళ్ళ ముందు నేల చూపించాడు. "అక్కడే ఉన్నాడమ్మా. నాలుగడుగుల దూరంలో. నేను పేరు పెట్టి పిలిచి, తిట్టుకుంటూ వచ్చేశాను."

నేను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆయన చూపు నా చేతుల మీద ఆగింది.

"ఆ గుడ్డ నీకెక్కడిది?"

చూసుకున్నాను. ఇందాకటినుంచి పుల్ల తుడుస్తున్నది, వేళ్ళు తుడుచుకుంటున్నది అదే. ట్రాక్టరు ఎక్కేచోట, క్లచ్ పెడలు కింద దొరికింది. ఏదో మసిగుడ్డ అనుకున్నాను. విప్పి చూస్తే ఒక కొసన గట్టి ముడి, ఇంకో కొస చింపి లాగినట్టు పీచుపీచుగా ఉంది.

"ఆ ముడి నాది. అంటే, నేను నేర్పిన ముడి" అన్నాడు మేస్త్రి. "దాన్ని విప్పలేదు. తెలిసినవాడైతే విప్పుతాడు. తెలియనివాడు తెంపాడు."

గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. సాక్ష్యాన్ని రెండు గంటలుగా మసిగుడ్డలా వాడుతున్న పరిశోధకురాలిని నేను. ఆ గుడ్డని కాగితంలో చుట్టి జాగ్రత్తగా పక్కన పెట్టాను.

చెయ్యాల్సిన పని ఇంకొకటి మిగిలింది. వర్క్‌షాపులో ఉన్న కొత్త ఆయిల్ ఎనిమిది లీటర్లు పోసి, మళ్ళీ ఇరవై అయిదు నిమిషాలు నడిపాను. బాగా వేడెక్కాక కూడా ముల్లు నలభై రెండు దగ్గర కదలకుండా నిలబడింది. ఆ ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదు. మేస్త్రి పని చెడలేదు. చెడని పనికి తగువెందుకు పడతారు?

కానిస్టేబులు కూడా మీటరు వంక వంగి చూశాడు. "నలభై రెండు దగ్గరే ఉందే!" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి మేస్త్రికి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

షెడ్డుకి వెళ్ళేసరికి రెండూ యాభై. ఇన్‌స్పెక్టరు నాకంటే ముందే అక్కడుంది. కుర్చీ వేసుకుని కూర్చుని రిపోర్టు రాస్తోంది.

ఇంజనీరింగులో నాలుగేళ్ళు మేమిద్దరం ఒకే బెంచీ. నాలుగేళ్ళూ ఆమెదే మొదటి ర్యాంకు, నాది రెండోది. ఆఖరి ఏడాది తేడా అర మార్కు. మా కాలేజీ మొత్తం ఆమెని ఫస్ట్ ర్యాంకు అనే పిలిచేది. ఇప్పటికీ నా నోటికి అదే వస్తుంది.

"రావే కొత్త పెళ్ళికూతురా!" అంది తల ఎత్తకుండా. "గోరింటాకు మీద గ్రీజు పూసుకున్నావా? మీ ఆయనేడీ, సంచీ మోస్తూ నీ వెనక ఉండాలే?"

"ఆస్పత్రిలో ఉన్నారు. ఫస్ట్ ర్యాంకూ, నువ్వు పట్టుకున్నది తప్పుడు మనిషిని."

"అనుకున్నాను. రెండో ర్యాంకు వాళ్ళకి ఎప్పుడూ పేపరు దిద్దినవాళ్ళదే తప్పు."

మాటకి మాట తర్వాత చెబుదామని ముందు నేల చూశాను. ఖాళీ షెడ్డు. దుమ్ములో ట్రాక్టరు చక్రాల చారలు గుమ్మందాకా రెండు వరసలు. వాటి సరిగ్గా మధ్యలో, ఇంజిన్ నిలిచి ఉండాల్సిన చోటు కింద, వెడల్పాటి ఇనప తట్ట ఒకటి. లోపల తుడిచి శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క ఆయిల్ లేదు.

"ఈ తట్ట ఎవరైనా జరిపారా?"

"నా మనుషులు దేన్నీ ముట్టుకోరు. నిన్నటి ఫోటోలో కూడా అక్కడే ఉంది. తట్టకి కూడా వాంగ్మూలం తీసుకుంటావా?"

"తీసుకుంటాను."

బల్ల మీద కొత్త ఆయిల్ డబ్బా, సీలు తీయకుండా ఉంది. దాని పక్కన కొత్త ఫిల్టరు, పెట్టెలోంచి తీసి కాగితం మీద బోర్లించి ఉంది. తిప్పి చూశాను. రబ్బరు వలయం చుట్టూ వేలితో ఆయిల్ రాసి ఉంది. బిగించేముందు చివరగా చేసే పని అది. రాసిన ఆయిల్ మీద దుమ్ము వాలింది. ఆ వేలిముద్ర ఇంకా దాని మీదే ఉంది. బల్ల కింద రెండు లీటర్ల డీజిల్ డబ్బా ఖాళీగా ఉంది. గరాటు మూతి ఇంకా జిడ్డుగానే ఉంది.

"నిన్న నువ్వు ఇవన్నీ చూశావు కదా?" అన్నాను.

"చూశాను. ట్రాక్టరు షెడ్డులో ఆయిల్ డబ్బా ఉండక పూలకుండీ ఉంటుందా?"

పక్కింట్లో కుట్టుమిషను చప్పుడు ఆగింది. కిటికీలోంచి దర్జీ తల బయటపెట్టాడు. మెడలో టేపు వేలాడుతోంది.

"దర్జీగారూ, నిన్న ఈ బండి ఎన్నింటికి స్టార్టయింది?"

"తొమ్మిదీ పదిహేనుకమ్మా. నా ప్రాణానికొచ్చింది! ఒకావిడ జాకెట్టు కొలత చెబుతుంటే ఈ గుడగుడ. ముప్ఫై రెండన్నదో ముప్ఫై ఆరన్నదో వినపడి చావలేదు. నాలుగంగుళాల తేడా అంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా? పావుగంట సేపు అదే సన్న గుడగుడ. తొమ్మిదిన్నరకి ఒక్కసారి పెద్దగా అరిచి వెళ్ళిపోయింది."

"ఇది నిన్న చెప్పలేదేం?" ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచింది.

"మీరు పదింటికి ఎవరొచ్చారు అని అడిగారు తల్లీ. పదింటికి ఎవరొచ్చారో చెప్పాను."

తల లోపలికి వెళ్ళిపోయింది. మిషను మళ్ళీ మొదలైంది.

ఫస్ట్ ర్యాంకు నా వైపు తిరిగింది. నవ్వు పోయింది. "చెప్పు."

"ఓనరు తొమ్మిదీ పదిహేనుకి ఇంజిన్‌లో రెండు లీటర్ల డీజిల్ పోసి కడుగుడు మొదలుపెట్టాడు. కింద తట్ట పెట్టాడు. ఫిల్టరు సిద్ధం చేశాడు. స్టీరింగుకి గుడ్డ కట్టాడు. పావుగంట ఆగి ఆయిల్ దింపాలి. దింపలేదు. తట్ట ఖాళీగా ఉంది."

"మరిచిపోయి బావమరిదికి ఇచ్చేసి ఉండొచ్చుగా? మనుషులు మరిచిపోరా?"

"నువ్వు ఇడ్లీపాత్ర పొయ్యి మీద మరిచిపోతావేమో. కింద తట్ట పెట్టి, చేతిలో పానా పట్టుకుని నిలబడ్డవాడు, నిలబడి చూస్తున్న ఇంజిన్‌ని మరిచిపోడు. పైగా అతను ఏమన్నాడో విను. బావ స్వయంగా పుల్ల తీసి ఆయిల్ చూసి అంతా బాగుంది అన్నాడట. పుల్ల మీద రెండు వేళ్ళు ఎక్కువుంది. చూసినవాడెవడైనా బాగుంది అంటాడా? అతను చల్ల ఇంజిన్ స్టార్ట్ చేశానన్నాడు. చల్ల ఇంజిన్‌కి ప్రెషర్ పడటానికి ఇరవై మూడు నిమిషాలు పట్టింది. అతనికి పదిలో పడింది. అతను ఎక్కేసరికే అది పావుగంట నుంచి నడుస్తోంది."

ఆమె తట్ట వైపు, చక్రాల చారల వైపు, మళ్ళీ తట్ట వైపు చూసింది.

"ఆ బండి ఈ గుమ్మం దాటేటప్పుడు వద్దు అనడానికి ఓనరుకి నోరు లేదు" అన్నాను. "అప్పటికే బల్ల వెనక పడున్నాడు. కొట్టింది పదింటికి కాదు. తొమ్మిదిన్నరకి ముందు."

"బావమరిది..." అంది నెమ్మదిగా. "ఎందుకు?"

"ఎందుకో నాకు తెలియదు. అతన్నే అడగాలి. పదింటికి లోడు ఉంది కాబట్టి బండి తీసుకెళ్తే ఎవరూ అనుమానించరనుకున్నాడు. కడుగుడు సంగతి అతనికి తెలియదు. అడ్డంగా ఉందని గుడ్డ తెంపి పడేశాడు. దారిలో ముల్లు పడిపోయేసరికి మేస్త్రి పని చెడిందనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు! అందుకే నన్ను పిలిచాడు."

అని ఆగాను. ఆ మాట నా చెవులకే అప్పుడు సరిగ్గా వినపడింది. నిన్న మా గుమ్మంలో ఏడ్చిన మనిషి. ఇందాక నా ముందు కన్నీళ్ళు కార్చిన మనిషి. బావ కనురెప్పలు కదిలాయని విన్నప్పుడు అతని ముఖంలో నెత్తురు ఇంకిపోవడం నేను చూశాను. చూసి, పాపం ఎంత ప్రేమో అనుకున్నాను.

"ఫస్ట్ ర్యాంకూ, ఆస్పత్రి గది బయట నీ కానిస్టేబులు ఉన్నాడు కదా?"

ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

"ఉన్నాడా లేడా?"

"రెండింటికి వెనక్కి పిలిచేశాను" అంది. "నేరస్థుడు దొరికాడు కదా, ఇంకా కాపలా ఎందుకని..."

ఆమె కాపలా తీసేసింది. నేను అతన్ని మా స్కూటరు మీదే పంపించాను. ఆమె జీపు వైపు పరిగెత్తింది. నేను పరిగెడుతూనే ఫోన్ చేశాను. మూడూ ఇరవై అయిదు. రెండు రింగులు. మూడు. నాలుగు.

"చెప్పవోయ్" అన్నారు మా ఆయన. వెనక గాజు గ్లాసుల చప్పుడు.

"ఎక్కడున్నారు?"

"కింద టీ కొట్టు దగ్గర. మంచి వార్త! ఆయన ఇందాక ఒకసారి కళ్ళు తెరిచారు. ఎవరినో వెతుకుతున్నట్టు చూశారు. రాసుకున్నాను, రెండూ యాభై ఎనిమిది."

"ఆయన దగ్గర ఎవరున్నారు?"

"బావమరిది ఉన్నాడు. పాపం, నిన్నటినుంచి నిద్రలేదని అక్కని స్నానానికి ఇంటికి పంపించాడు. నర్సుకి ఏదో మందు చీటీ ఇచ్చి పంపాడు. బావగారూ, మీ చేత్తో ఒక టీ తెచ్చి పెట్టండి, తల పగిలిపోతోంది అంటే నేను..."

"పైకి పరిగెత్తండి!"

"ఏమైంది?"

"కొట్టింది అతనే! పరిగెత్తండి!"

గ్లాసు పగిలిన చప్పుడు. తర్వాత చెప్పుల చప్పుడు, మెట్లు, ఆయాసం. ఎప్పుడూ వేగంగా నడవని మనిషి. జీపు గేటు దాటి రోడ్డెక్కింది. ఫస్ట్ ర్యాంకు ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఇంకో చేత్తో వైర్‌లెస్‌లో అరుస్తోంది. నేను ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుని మెట్లు లెక్కపెడుతున్నాను. మొదటి అంతస్తు. రెండో అంతస్తు. నడవా. చెప్పులు ఆగాయి.

తలుపు మీద దబదబ బాదిన చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"తలుపు రావట్లేదు" అన్నారు మా ఆయన. గొంతు గుర్తుపట్టలేనట్టుంది. "లోపల గడియ వేసి ఉంది."

అప్పుడు ఆ తలుపు అవతలి నుంచి, ఫోన్‌లో నాకు కూడా స్పష్టంగా, తీరిగ్గా, నవ్వుతున్న గొంతు ఒకటి వినిపించింది.

"వచ్చేశారా బావగారూ? రెండే నిమిషాలు. ఇదిగో, అయిపోవచ్చింది."